వసంత క్లాసులో గొడవ

శనివారం

వసంత పోయి నెలయింది. ఇవాళ కాలేజీలో సైకాలజీ టీచర్లమంతా ఆమెను తలుచుకుంటూ, క్లాసులో పనికొచ్చే ఉపాయాలు చెప్పుకున్నాం. తమిళనాడు సేత్తూరు నుంచి వచ్చిన కవిత లేచింది. మా పాత స్టూడెంటే, ఇప్పుడు తనూ టీచర్.

"వసంత మేడమ్ క్లాసులో ఒకసారి ఉత్తుత్తి సండై, అదే గొడవ, పెట్టినారు. ఎవరో టీచర్ వచ్చి అరిచి, చాక్‌పీస్ డబ్బా విసిరేసి పోయినారు. చూసింది రాయమంటే తలా ఒకటి రాసినాము. కళ్లారా చూసింది కూడా నమ్మకూడదని ఆ దినమే తెలుసుకొన్నాము."

"వచ్చిన టీచర్ ఎవరు?" అని అడిగాను.

"అది జ్ఞాపకం లేదు మేడమ్."

నేనే! ఏటా వెళ్లి అరిచేది నేనే. అసలా ఉపాయమే నాది. చప్పట్లు మాత్రం ఆమెకు. పోయాక కూడా ఆమెకే. ఒళ్లు మండిపోయింది.

కవిత వాళ్ల క్లాసులో అరిచిన రోజు నాకు బాగా గుర్తుంది. నాకు రావాల్సిన హెచ్‌ఓడీ పోస్టు వసంతకు ఇచ్చిన వారం అది. డబ్బా ఆమె భుజానికి తగిలింది. ఆమె నవ్వుతూ పిల్లల వైపు తిరిగి, "మేడమ్ ఎంత బాగా యాక్ట్ చేసినారో చూసినారా!" అంది.

డబ్బా విసరడం మేం ముందు అనుకున్నదాంట్లో లేదు.