గది బయట కుర్చీ

డనీడిన్,
మార్చి 9

ప్రియమైన నోలీన్,

ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నన్ను ట్రస్టీని చేశారు. నవ్వకు. వంశపారంపర్యంగా వచ్చే అంధత్వం మీద పరిశోధనలకు విరాళాలు పోగుచేసే నేత్ర ట్రస్టు ఉంది కదా, దాన్ని నడిపే ఐదుగురిలో ఇప్పుడు నేనూ ఒకదాన్ని. జీతం లేదు. టీ ఇస్తారు. చీజ్ రోల్స్ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.

అధ్యక్షుడు మర్డాక్ రిటైరైన లాయరు. నోరు విప్పే ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఆయన ఏం చెప్పబోతున్నాడో తుడిచే తీరును బట్టి పసిగట్టాలని చూస్తున్నాను, ఇంకా అంతు చిక్కలేదు. నా పక్కన నైయో అని గొర్రెల డాక్టరు. సమావేశాలకు రబ్బరు గంబూట్లతోనే వస్తుంది.

డాక్టర్ లీయోటా అనే అమ్మాయి వచ్చి తన కంటిచుక్కల ప్రయోగం గురించి చెప్పింది. సగం మందికి మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడుతోందో వాళ్ళకూ తెలియదు, ఈమెకూ తెలియదు. "తెలుసుకోవాలని ఉండదా అమ్మా?" అని అడిగాను. "చచ్చేంత ఉంటుందండీ. అందుకే ఆ వివరాలు వేరేవాళ్ళ దగ్గర దాచి ఉంచాం" అంది. ఆ పిల్ల నాకు తెగ నచ్చింది.

నీ
హెస్టర్


ఓబన్, స్టూవర్ట్ ద్వీపం,
మార్చి 27

ప్రియమైన హెస్టర్,

నీ ఉత్తరం మా ఆయన వాటీకి చదివి వినిపించాను. ఈ మధ్య ఇంట్లో చదవాల్సినవన్నీ నేనే చదువుతున్నాను. వాళ్ళమ్మకు వచ్చిన కళ్ళ జబ్బే ఇతనికీ వచ్చింది. మీ డాక్టరమ్మ చుక్కలు వేసుకుంటున్నవాళ్ళలో ఇతనూ ఉన్నాడు.

రేవులో జాలిపడతారని, ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. నువ్వు ఆ ట్రస్టు బల్ల దగ్గర కూర్చున్నాక కూడా దాచడం నాకు బాగనిపించలేదు. "హెస్టర్‌కు చెప్పనా?" అని అడిగాను. "చెప్పు. కానీ నా తరఫున ఎవరి చెవీ కొరకొద్దను" అన్నాడు.

తనకు పడుతున్నది మందేనని ఇతని గట్టి నమ్మకం. చూపు మెరుగైందట. ఆ ధైర్యంతో పొద్దు వాలాక కూడా రొయ్యల బుట్టలు ఎత్తడానికి జలసంధిలోకి ఒక్కడే పడవేసుకుని పోతున్నాడు. తోడు వెళ్దామంటే నాకు జెట్టీ చూస్తేనే కడుపులో తిప్పుతుంది.

అది పనిచేస్తోందా, హెస్టర్? నీకు తెలిసిన రోజున నాకొక ముక్క రాయి.

నీ
నోలీన్


డనీడిన్,
మే 14

ప్రియమైన నోలీన్,

ఇక్కడ శీతాకాలం వచ్చేసింది, చలి ముదిరింది. కొండల మీద మంచు కనిపిస్తోంది. పక్కింటి పిల్లి మా వరండాలోనే కాపురం పెట్టింది. తోటలో ఉల్లికాడలు బాగా వచ్చాయి.

నువ్వు అడిగినదాని గురించి నేనేమీ రాయకూడదు. ట్రస్టు సంగతులు బయటికి చెప్పబోమని మాటిచ్చి అందులో చేరాం.

మీరిద్దరూ జాగ్రత్త.

హెస్టర్


ఓబన్,
జూన్ 2

ప్రియమైన హెస్టర్,

పిల్లి కులాసాగా ఉన్నందుకు సంతోషం.

ఇంట్లో తోచక వాటీతో పాటు పడవెక్కుతున్నాను. అల్లం బిస్కెట్లు నములుతూ, ఒళ్ళో బకెట్ పెట్టుకుని కూర్చుంటాను. "ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడేం పుట్టింది నీకు?" అన్నాడు. "నీ మొహం చూడకుండా ఉండలేక" అన్నాను. బకెట్లోంచి తలెత్తి ఆ మాట అంటే ఎవరు నమ్ముతారు?

నువ్వు ఏమీ రాయనక్కర్లేదు. కడుపునిండా తిను.

నీ
నోలీన్


డనీడిన్,
జూలై 11

ప్రియమైన నోలీన్,

ఈపాటికి మీకు కబురు వచ్చే ఉంటుంది. కాబట్టి నా వంతు సంగతి నేను చెప్పుకోవచ్చు.

మేలో నివేదిక మా ఇళ్ళకు వచ్చింది. మందు వేసుకున్నవాళ్ళ చూపూ, ఉప్పునీళ్ళు వేసుకున్నవాళ్ళ చూపూ ఒకే తీరున తగ్గుతున్నాయి. ఎనిమిదేళ్ళ పని అది. అది చదివాక నీకు ఉత్తరం రాయబోతే పిల్లీ, ఉల్లికాడలూ తప్ప ఏమీ రాలేదు.

వసంతంలో విరాళాల కోసం జరిపే నడక అయ్యేదాకా బయటపెట్టొద్దని మర్డాక్ ఉద్దేశం. "ఇప్పుడు చెప్తే నడకకు ఎవరొస్తారు? లీయోటా దగ్గర పనిచేసే పిల్లల గతేమిటి?" అన్నాడు. చెడ్డవాడు కాడు. ఆ పిల్లల గురించి నిజంగానే బెంగపడుతున్నాడు. ఇంకొకాయన ఆయన వైపు. నైయో, నేనూ వెంటనే చెప్పాలంటున్నాం. ఐదో ఆయన ఎటూ తేల్చుకోలేదు. నేను లేకపోతే ఓడిపోతామని తెలుసు.

కానీ మావాళ్ళెవరైనా ఆ ప్రయోగంలో ఉంటే, దాని సంగతి తేల్చేటప్పుడు నేను ఆ గదిలో ఉండకూడదన్నది ట్రస్టు నియమం. లేచి నిలబడ్డాను.

"నా స్నేహితురాలి భర్త ఇందులో ఉన్నాడు. చుక్కలు పనిచేస్తున్నాయనుకుని చీకట్లో ఒంటరిగా సముద్రం మీదికి పోయేవాడు. నేను బయట కూర్చుంటాను."

మర్డాక్ కళ్ళజోడు తీశాడు. "అది కారణమా, వాదనా, హెస్టర్ గారూ?"

"కారణం చెప్పాలన్నది మీ నియమమే. చెప్పాను."

బయట వరండాలో ఒక్కటే కుర్చీ ఉంది. అందులో కూర్చుని తలుపు వైపే చూస్తూ ఉండిపోయాను. చెవి ఆనించి వినాలనిపించింది. టీచరుగా ఉన్న రోజుల్లో బడిలో అలా వింటూ దొరికిన పిల్లల్ని ఎంతమందిని తిట్టానో. చివరికి మర్డాకే తలుపు తీశాడు. "ఈ వారంలోనే చెప్తున్నాం. ముందు చుక్కలు వేసుకుంటున్నవాళ్ళకి, తర్వాత ఊరికి. విరాళాలిచ్చేవాళ్ళతో నేనే మాట్లాడతాను" అన్నాడు. కళ్ళజోడు చేతిలోనే ఉంది.

లోపల ఎవరు ఏమన్నారో, ఎవరు మనసు మార్చుకున్నారో నాకు ఎప్పటికీ తెలియదు. నైయోను అడిగితే తన గంబూట్ల వైపు చూసుకుంది. ఆ సంగతి నన్ను తొలిచేస్తోంది.

ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచినందుకు కోపం వచ్చిందా?

నీ
హెస్టర్


ఓబన్,
ఆగస్టు 3

ప్రియమైన హెస్టర్,

పిచ్చిదానా, నాకు మేలోనే తెలిసిపోయింది. చీజ్ రోల్స్ సంగతి కూడా వదలకుండా రాసేదానివి, పిల్లి గురించి రాసి ఊరుకున్నావు. మందు పనిచేస్తే నువ్వు దాన్ని అంత ఓపిగ్గా దాచలేవు. నువ్వు మాట తప్పలేదు. నేనూ వాటీతో ఏమీ అనలేదు. బకెట్ తీసుకుని పడవెక్కానంతే.

ఇన్వర్‌కార్గిల్‌లో అందరినీ కూర్చోబెట్టి లీయోటా స్వయంగా చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. వెనక నుంచి వాటీ లేచాడు.

"ఏడవకమ్మా. నాకు ముందే తెలుసు. నీళ్ళు చూస్తే వాంతి చేసుకునే మా ఆవిడ శీతాకాలమంతా నా పడవలో కూర్చుంది. ఇంకా అర్థం కాకపోతే నేనెంత మొద్దుని?"

హాలంతా నవ్వింది. నేను నేల చూపులు చూశాను. ఇన్నాళ్ళూ ఒకరి దగ్గర ఒకరం దాచుకుంటూ ఒకే పడవలో తిరిగామన్నమాట.

ఇతనికి పడింది ఉప్పునీళ్ళేనట. "బతుకంతా ఉప్పునీళ్ళలో నానినవాడికి సీసాలో పోసి మళ్ళీ అవే ఇచ్చారా?" అని దారి పొడుగునా సణిగాడు. కోపం లేకపోలేదు. ఇంటికొచ్చాక రెండు రోజులు షెడ్డులోంచి బయటికి రాలేదు. మూడో రోజు నాచేత లీయోటాకు ఫోన్ చేయించాడు. "చుక్కలు లేకపోయినా నా కళ్ళు చూస్తూ ఉంటావా? ఇవి ఎలా పోతున్నాయో నీకు పనికొస్తుందేమో" అన్నాడు. చూస్తానంది.

నిన్న చుక్కాని నా చేతిలో పెట్టాడు. "ఎడమకి. అటు కాదే, ఎడమకి. నీకంటే గుడ్డివాడు నయం." బండలు దాటి నీళ్ళు సద్దుమణిగాక పక్కన కూర్చున్నాడు.

"ఏం కనబడుతోందో చెప్పు."

"నీళ్ళు."

"నీళ్ళని నాకూ తెలుసు. ఏ రంగు?"

చూశాను. నిజంగా చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. ఒడ్డు దగ్గర ఆకుపచ్చ, తర్వాత సీసం రంగు, దూరంగా ఒక చోట వెండిలా ఏదో కదులుతోందని చెప్పాను. ఏం కదులుతోంది, పక్షులా చేపలా, ఎటు పోతున్నాయి అని అడిగాడు. జెట్టీకి తాడు కట్టేదాకా అడుగుతూనే ఉన్నాడు.

ఎప్పటికీ నీ
నోలీన్