రేకు డబ్బాలో కేసు కాగితం

రవీందర్ అన్నా, అందరం ప్రాణాలతోనే ఉన్నాం, కార్డు చూసి కంగారుపడకు.

ఏడాదిగా చెయ్యి పెట్టని వస్తువు ఇంట్లో ఉంచొద్దని అంగన్‌వాడీ ట్రైనింగులో మేడమ్ చెప్పింది. వచ్చీ రాగానే ఇల్లంతా సర్దాను. ఉంచేవి ఒక కుప్ప, పారేసేవి ఒక కుప్ప. అటక మీది రేకు డబ్బాలో చెదలు పట్టిన కాగితాలుంటే పొయ్యిలో వేశాను. పోడు కొట్టాడని అయ్య మీద ఫారెస్టువాళ్లు పెట్టిన కేసు కాగితం కూడా అందులోనే కాలిపోయింది. ఆ పాడు కాగితం ఇంకా ఎందుకని పోయినసారి విసుక్కున్నది నువ్వే, గుర్తుంచుకో.

నిన్న గ్రామసభలో పోడుకు పట్టాలిస్తామన్నారు. ఎప్పటి నుంచి దున్నుతున్నామో పాత రుజువు తెమ్మన్నారు. అమ్మ పరుగున వచ్చి డబ్బా తెరిచింది. "మీ అయ్యను జైలుకు తోల్కపోయిన కాగితమేదే? గా భూమి మనం దున్నుతున్నమని సర్కారు రాసింది గదొక్కటే బిడ్డా!"

అయ్యను విడిపించిన రోజు కోర్టులో ఇచ్చిన కాగితం నీ సర్టిఫికెట్ల ఫైల్లో ఉండాలి. వెతుకు. వదినను ముట్టుకోనివ్వకు, ఆమెకూ సర్దే పిచ్చి ఉంది. సోమవారం సర్వేకు వస్తారు. పోస్టులో ఆలస్యమని ఈ కార్డు ఏన్కూరు బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. దొరికితే ఆదివారం బస్సుకే రా. దొరక్కపోయినా రా.

పాప దగ్గు తగ్గిందా? వదినకు నమస్కారాలు.

ఇల్లు ఇప్పుడు అద్దంలా ఉంది. అమ్మ మాత్రం నిన్నటి నుంచి లోపలికి రాలేదు. ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని వాకిట్లోనే కూర్చుంది.

నీ చెల్లెలు
భద్రమ్మ