జనరల్ చావకుండా ముగిసిన నాటకం

జూన్ 14, ఆదివారం

బడి వరండాలో రిహార్సల్. చివరి అంకం మొదటిసారి పూర్తిగా కుదిరింది. జపాన్ జనరల్ తన ఊరి వెనక గుట్ట మీద కూలిపోతాడు. చుట్టూ సైన్యం — ఒకప్పుడు తను తీర్చిదిద్దినదే. పంపించినవాడు ఒకే వీధిలో కలిసి పెరిగిన స్నేహితుడు, ఇప్పుడు రాజధానిలో మంత్రి.

జనరల్ వేషంలో మల్లేశ్ మోకాళ్ల మీద పడి, చక్రవర్తి ఉన్న దిక్కుకు చివరి దండం పెట్టడానికి "తూర్పు ఎటు?" అని అడిగాడు. అంతే. మంత్రి వేషం వేస్తున్న యాదగిరి తన మాట మరిచిపోయి చూస్తూ ఉండిపోయాడు. నేనూ అంతే.

మల్లేశ్ నా తమ్ముడు. అమ్మ పోయాక నేను కలిపి పెడితే తప్ప అన్నం ముట్టనివాడు.

జూన్ 16

తొమ్మిదో తరగతి పిల్లలు అడిగారు — జపాన్ ఆయన కథ మనకెందుకు మేడం అని. ఏం చెప్పను… పేద ఇంట్లో పుట్టాడు. రెండుసార్లు దీవులకు వెళ్లగొట్టారు. తిరిగొచ్చి, యుద్ధం గెలిచి, కుర్ర చక్రవర్తి రాజ్యాన్ని నిలబెట్టాడు. మంత్రి అయ్యాడు. తన మాట చెల్లకపోతే పదవి వదిలేసి సొంతూరు చేరి, కుక్కల్ని వెంటేసుకుని వేటకు తిరిగాడు. తను పెట్టిన బళ్లలో చదివిన కుర్రాళ్లు సర్కారు మీద తిరగబడితే, ఓడిపోతామని తెలిసీ వాళ్లతో కలిసి నడిచాడు.

ఆ నడక కోసమే రాశాను, వేసవి సెలవులన్నీ పెట్టి. పిల్లలకు అదంతా చెప్పలేదు. నాటకం చూడండి, మీకే తెలుస్తుంది అన్నాను.

ఆయన పేరు మావాళ్ల నోట తిరగదు. అందరికీ జనరలే.

జూన్ 19

మల్లేశ్ రాలేదు. తను పనిచేసే బొంగులూరు వెంచర్‌లో తీరిక లేదట. ప్లాట్లు కొనేవాళ్లను కార్లలో తిప్పాలట.

జూన్ 21, ఆదివారం

ఇవాళా రాలేదు. నేను మార్కెట్‌కు పోయినప్పుడు వచ్చి వేషం బట్టలు పట్టుకుపోయాడు. బాపు పంచెకు నీలం వేయించి నేను కుట్టినవి. టేకు కత్తి కూడా. మా ఆయన తీసి ఇచ్చాడు. సైజు చూసుకుంటాడట.

జూన్ 23

యాదగిరి యాచారం నుంచి వస్తూ బడి గేటు దగ్గర ఆటో ఆపాడు. చాలాసేపు నసిగాడు. వెంచర్ ఓపెనింగ్‌కు మన నాటకం వేస్తున్నారట. అతన్ని రావద్దన్నారట.

"మీకు తెల్వదా మేడం? మీరే జెప్పిన్రనుకున్న."

అదే ఆటోలో బొంగులూరు వెళ్లాను. రింగు రోడ్డు దిగేచోట ఫ్లెక్సీ. జనరల్ వేషంలో నా తమ్ముడు, వెనక ప్లాట్ల మ్యాపు. కింద — రచన, దర్శకత్వం: మల్లేశ్.

నా పేరు కోసం మూలల్లో కూడా చూశాను. అట్లా వెతికినందుకు సిగ్గేసింది.

జూన్ 24

ఫోన్ ఎత్తడం లేదు.

జూన్ 26

వెంచర్ ఓపెనింగ్‌కు వెళ్లాను. షామియానా, మజ్జిగ ప్యాకెట్లు, చెవులు పగిలే డీజే. వెనక వరుస దాటి నిలబడ్డాను.

జనరల్ దీవి నుంచి తిరిగొచ్చాడు. యుద్ధం గెలిచాడు. అక్కడితో సరి. పదవి వదిలే అంకం లేదు, కుర్రాళ్లు లేరు, గుట్ట లేదు. గెలిచిన జనరల్ ముందుకొచ్చి, సొంత జాగా ఉన్నవాడే రాజు అన్నాడు. కత్తి ప్లాట్ల వైపు చాపాడు. చప్పట్లు… మా వాడు వంగి దండం పెట్టాడు.

స్టేజీ వెనక్కి వెళ్లాను. పేరు సంగతి అడిగాను. ఫ్లెక్సీ వాళ్లే వేయించారు, తను చూడలేదన్నాడు. రోజూ ఆ దారినే పోతాడు.

చివరి అంకం ఏదిరా అన్నాను.

"గా సావు ఎవలు జూస్తరక్క? మందికి గెలిచేటోడు గావాలె."

మరి నన్నెందుకు అడగలేదు?

"అడిగితే వద్దంటవ్ గద."

అందుకని అడగలేదు. ముఖం మీద రంగు చెమటకు కారుతోంది. తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

జూన్ 27

పేరు పోతే పోయింది. నొప్పి అక్కడ కాదు. ఆ చావును వాడు అంత బాగా చేశాడు కదా — నమ్మి చేస్తున్నాడనుకున్నాను. నమ్మకుండా కూడా అంత బాగా చేయొచ్చా?

జూన్ 28, ఆదివారం

మా ఆయన, అన్నం ముందు — "తమ్ముడే గదా, ఇడిసిపెట్టు."

పరాయివాడైతే ఎప్పుడో విడిచిపెట్టేదాన్ని.

జూన్ 30

శనివారం బడిలో నాటకం ఉన్నట్టేనా అని హెడ్మాస్టరు గారు అడిగారు. పిల్లల తల్లిదండ్రులకు ముందే చెప్పేశారట. ఉన్నట్టే అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో.

జూలై 1

యాదగిరిని జనరల్‌గా నిలబెట్టి చూశాను. మాటలన్నీ వచ్చు. గుట్ట మీద మాత్రం కాలు జారినట్టు పడ్డాడు. లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"నాతోని గాదు మేడం. గది మల్లేశ్‌తోనే అయితది."

కోపం వచ్చింది. అతని మీద కాదు. అది నిజమైనందుకు.

జూలై 2

మల్లేశ్ వచ్చాడు. చెప్పులు విప్పలేదు. బట్టల సంచి గడప పక్కన పెట్టాడు. ఉతికి ఇస్త్రీ చేయించాడు.

"శనివారం నేనే జేస్త అక్క. మొత్తం జేస్త."

తప్పయిందన్న మాట లేదు. ఫ్లెక్సీ సంగతేమిటని అడిగాను.

"వెంచర్ సేటుకు జెప్పాలె. జెప్తే పని వోతది."

అంటే చెప్పలేదు. చెప్పడు కూడా. తిన్నావా అన్న మాట నోటిదాకా వచ్చింది… మింగేశాను. వెళ్లిపోయాడు. బండి మలుపు తిరిగేదాకా చూశాను. ఎందుకు చూశానో.

జూలై 3, శుక్రవారం

పరదాలు కట్టించాం. బెంచీలు బయట వేశారు. పిల్లలది ఇప్పటినుంచే ముందు వరుస కోసం కొట్లాట.

మైకులో చదవడానికి హెడ్మాస్టరు గారు పేర్లు అడిగారు. రచన — నా పేరు చెప్పాను. మంత్రి — యాదగిరి.

"జనరల్ ఎవరమ్మా?"

రేపు చెప్తానన్నాను.