పోగుల అద్దంలో సముద్రపు గవ్వలు

అన్నా,

కోరుట్ల బస్సులోంచి ఆనాడు పోలీసులు నిన్ను తీసుకుపోయిన మలుపులోనే ఈరోజు నీ బిడ్డ లతను కూడా దింపారు. ఆమె వెంట నేనూ దిగాను. ఆమె సంచిలో తెల్లపొడి సీసా దొరికింది.

“ఇదేంది, మందుగుండా?” అన్నాడు కానిస్టేబుల్.

“సముద్రం అడుగు మట్టిల దొరికిన పొడంత చిన్న గవ్వలు సార్, నా చదువు కోసం” అంది లత. “ గీ పెంకులల్ల ఏమేం కలిసిందో చూస్తే, ఎన్కటి కాలంల సముద్రం ఎంత ఏడిగుండెనో తెలుస్తది.”

అతను నమ్మలేదు. బట్టలో పోగులు లెక్కపెట్టే నా భూతద్దం తీసిచ్చాను.

“మంచిగ చూడుండ్రి సారూ. ఒక్క గవ్వ తుపాకి పట్టుకున్నా, నన్ను గుంజుకపోండ్రి.”

చాలాసేపు చూశాడు. నవ్వాడు. “పోండ్రి” అన్నాడు.

లత నాతో మళ్లీ బస్సెక్కింది. జగిత్యాల దాకా నేను ఆమె చెయ్యి వదల్లేదు.

“అందరు చూస్తుండ్రు కాకా.”

“చూడనియ్ బిడ్డా” అన్నాను.