పిట్టకు పెట్టిన బొమ్మ

చిరంజీవి సుహాసినికి మేనమామ తిమ్మప్ప ఆశీస్సులు.

ఫోన్లో చెబితే నవ్వుతావని రాస్తున్నాను. గుండె ఆగినవాళ్లను బతికించే ఆట అంటూ నువ్వు వనపర్తి నుంచి పంపిన బొమ్మ చేరింది. తల, ఛాతీ ఉన్నాయి గానీ కాళ్లూ చేతులూ లేవు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. మగ్గాల షెడ్డులో పడుకోబెట్టాం. మగమనిషి, పైగా చొక్కా లేదు, అందుకని ఆడవాళ్లను దూరంగా నిలబెట్టాం. ఆట ఎలాగో రాయి.

ఇట్లు,
తిమ్మప్ప

తా.క.: ముట్టుకున్నవాళ్లు స్నానం చేయాలా? చలిగా ఉంది, అందరూ అడుగుతున్నారు.

*

మామయ్యకు నమస్కారాలు.

స్నానం అక్కర్లేదు. రెండు జట్లు కట్టండి. మనిషి ఇప్పుడే కుప్పకూలాడనుకోండి. ఒకరు 108కి ఫోన్ చేసినట్టు నటించాలి. మిగతావాళ్లు వంతులవారీగా ఛాతీ నడుమ రెండు చేతులతో గట్టిగా, వేగంగా అదమాలి. సరిగ్గా అదిమితే లోపల టక్‌మంటుంది. ఆ చప్పుడు ఆగితే మనిషి పోయినట్టే, ఆట ఓడినట్టే.

మీ సుహాసిని

తా.క.: అత్తమ్మనూ ఆడించండి.

*

సుహాసినికి ఆశీస్సులు.

ఓడాం. వెంకట్రాములు జట్టు అలసిపోయి మధ్యలో ఆపేసింది. పోయినట్టే అని నువ్వే రాశావు కదా, కర్మ చేయకపోతే ఊరికి అరిష్టమని మూడోనాడు అన్నం వండి పిట్టకు పెట్టాం. కాకి వెంటనే ముట్టింది. బొమ్మను నూలు గదిలో పెట్టి తాళం వేశాం. తాళంచెవి మీ అత్తమ్మ కొంగునే ఉంది. అయినా పొద్దుగూకితే చాలు, గదిలోంచి టక్, టక్, టక్. “అన్నా, వాడు మనల్ని పిలుస్తుండు. జర వాపస్ పంపు” అని వెంకట్రాములు వణికిపోతున్నాడు. నాకూ భయంగానే ఉంది.

ఇట్లు,
తిమ్మప్ప

తా.క.: మీ అత్తమ్మకు ఏ బాధా లేదు. ఆ వేళకు గుడికి పోతుంది.

*

మామయ్యకు నమస్కారాలు.

బొమ్మ తనంతట తాను చప్పుడు చేయదు. ఎవరో అదిమితేనే టక్‌మంటుంది. సెలవు దొరకగానే వచ్చి తీసుకెళతాను.

మీ సుహాసిని

తా.క.: తలుపు తీసి ఎవరో చూడండి. వద్దు, చూడకండి.

*

గద్వాల దవాఖాన నుంచి.

సుహాసినికి ఆశీస్సులు.

బొమ్మను తీసుకెళ్లకు. పోయిన గురువారం మగ్గం దగ్గరే కూలిపోయాను. ఊపిరి లేదట. అందరూ దూరంగా నిలబడితే మీ అత్తమ్మ బాలనాగమ్మ వచ్చి నా ఛాతీ మీద చేతులు వేసిందట. నేను ఏ చీకట్లో ఉన్నానో తెలియదు గానీ, టక్‌మన్న చప్పుడు మాత్రం విన్నాను. నన్నూ ఆ గదిలోనే పెట్టారనుకున్నాను. అది నా పక్కటెముక విరిగిన చప్పుడని డాక్టరు చెప్పాడు. 108 వచ్చేదాకా ఆమె ఆపలేదు.

“గుడికని జెప్పి దినాం గా గదికే పోయిన. మీ ముంగట ముట్టనియ్యరు గద. వానికి ఊకెనే పిట్టకు పెట్టిన్రు, రేపు నీకు గూడ గట్లనే పెడ్తరని భయమైంది” అంది. ఏడుపు ఆగలేదు నాకు. ఏడిస్తే పక్కటెముక నొప్పి.

ఇట్లు,
తిమ్మప్ప

తా.క.: ఆ రోజు నుంచి మీ అత్తమ్మ స్నానం చేయడం లేదు. “జేస్తే నువ్వు పోయినట్టే అయితది” అంటోంది. పక్క మంచాలవాళ్లు దూరం జరుగుతున్నారు. నువ్వు వచ్చి నచ్చజెప్పు.