గవదల జ్వరం తర్వాత

తార్నాక

పెద్దన్నకు నీ తమ్ముడు సురేందర్ దండాలు. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? వదిన, పిల్లలు బాగున్నారనుకుంటాను. ఇక్కడ మేమూ బాగానే ఉన్నాము. ఒక సంగతి ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను.

వానాకాలంలో నాకు గవదబిళ్ళలు వచ్చాయని చెప్పాను కదా. మా యూనివర్సిటీ హాస్టల్ పిల్లలకు వచ్చి, ఆఫీసులో పనిచేసే నాకూ అంటుకున్నాయి. దవడల వాపు తగ్గుతోందనగా బీజాలు రెండూ వాచాయి. నడవలేకపోయాను. సిగ్గేసి మీకు చెప్పలేదు. జ్వరం పోయింది, వాపు తగ్గింది, డ్యూటీలో చేరాను. కానీ రజిత దగ్గరికి వెళ్లాలంటే ఒళ్లు సహకరించలేదు. నీరసమనుకున్నాను. ఆమె మరోలా అనుకుంది. ఒక ఆదివారం బియ్యం ఏరుతూ అడిగింది: "నా మీద మనసు విరిగిందా? ఉన్నదున్నట్టు చెప్పు, మా అమ్మోళ్లింటికి పోత."

ఆ మాటతో ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాము. పరీక్షలో వీర్యకణాలు చాలా తక్కువున్నాయని తేలింది. "కోరిక మళ్ల వస్తది, భయపడకుండ్రి. పిల్లల సంగతి ఇప్పుడే చెప్పలేను. కొన్ని నెలలాగి మళ్ల చూద్దాం" అన్నాడాయన. బస్సెక్కబుద్ధి కాక క్యాంపస్‌లోంచి ఇంటిదాకా నడిచాము. దారి పొడుగునా రజిత నా చెయ్యి వదల్లేదు.

ఉద్యోగం కుదురుకున్నాక కందామని ఇద్దరం అనుకుని ఆగాము అన్నా. అమ్మకు అది తెలియదు. పోయిన వారం ఫోన్ చేసి, "నీ కడుపు పండేది లేదా బిడ్డా? మా వాని బతుకు గిట్లనే ఒడిసిపోవాల్నా?" అని రజితను అడిగింది. పక్కనే ఉండి విన్నాను. నేను చెబుతానని చెయ్యి చాపితే రజిత ఫోన్ ఇవ్వలేదు. పెట్టేశాక అంది: "నన్నే అననియ్యి, నేను పడ్త. ఊర్ల నిన్ను మొగోడేనా అని నవ్వితే నేను తట్టుకోను." వంటింట్లోకి వెళ్లి నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

నవ్వేవాళ్లు నవ్వనీ. నాకొచ్చిన జ్వరానికి ఆమె మాట పడొద్దు. రజితకు చెప్పే ఇది రాస్తున్నాను. వద్దంది, కానీ చేతిలోంచి పెన్ను లాక్కోలేదు.

మీ చిన్నోడికి గవదల టీకా వేయించారో లేదో వదినను అడుగు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చింతకాయ తొక్కు పంపండి, నోరు చప్పగా ఉంటోంది.

అమ్మ కాళ్లకు, వదినకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. మళ్లీ పరీక్షకు వెళ్లే ముందు నీ దీవెన కావాలి.

ఈ ఉత్తరం అమ్మకు నువ్వే చదివి వినిపించు. ఏడిస్తే ఏడవనీ. ఏడుపు తగ్గాక రజితకు ఫోన్ చేయమను.

నీ తమ్ముడు
సురేందర్