గట్టు మీది ఎండ

రాయదుర్గం,
ఆదివారం ఉదయం.

అత్తయ్యగారి పాదాలకు మీ కోడలు రసజ్ఞ నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం, మీరు ఒప్పుకుంటే నలుగురం, క్షేమంగా ఉన్నాం. విశాఖలో మీరూ వదినగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మోకాలి కుట్లు విప్పారనీ, కర్ర పట్టుకుని బాల్కనీ దాకా నడుస్తున్నారనీ మీ ఉత్తరంలో రాసింది మీ అబ్బాయికి చదివి వినిపించాను. ఆఫీసుకి బయల్దేరుతున్న మనిషి, షూ లేసులు అలాగే వదిలేసి మొత్తం విన్నారు.

మీరడిగినవాటికి జవాబులు చెబుతాను. ఆవకాయ జాడీకి వాసెన కట్టాను. మామయ్యగారు పెరుగన్నం ఎడమచేత్తో, చెంచాతో ఆయనే తింటున్నారు. పక్షవాతం వచ్చిన కుడిచెయ్యి ఇంకా బరువుగానే ఉంది కానీ, వేళ్లు కాస్త కదులుతున్నాయి. ఈరమ్మ పనికి సరిగ్గానే వస్తోంది. మిమ్మల్ని రోజూ తలుచుకుంటుంది.

"పిల్లి ఇంకా గట్టెక్కుతోందా?" అన్న ఆఖరి ప్రశ్న కింద రెండు గీతలు కొట్టారు. మొన్న ఫోన్లో అడిగితే కుక్కర్ కూస్తోందని మాట తప్పించాను. ఇప్పుడు తప్పించను.

ఎక్కుతోంది, అత్తయ్యా.

మీరు వెళ్తూ అన్న మాట మరిచిపోలేదు. "ఇసుకలో తవ్వుకున్న కాళ్లతో వచ్చి పోపులపెట్టె పక్కన కూర్చుంటే ఆ వంట ఎలా తింటారే? నేను తిరిగొచ్చేసరికి అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అన్నారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మొదట్లో నేనూ దాన్ని దింపని పూట లేదు. నీళ్లు చిలకరించాను, నిమ్మతొక్కలు పెట్టాను. మన వంటింటికి తలుపు లేదాయె. దింపిన చోట రెండు క్షణాలు నిలబడి, నావైపు జాలిగా చూసి, మన మిరియం పిల్లి మళ్లీ ఎక్కేది.

ఇప్పుడు గట్టు అసలు ఎందుకు వదలనంటోందో తర్వాత తెలిసింది. మనది ఉత్తరం వైపు వంటిల్లు కదా, మీరున్నప్పుడు ఎండ మొహమే ఎరగదు. మీరు వెళ్లాక ఎదురుగా లేచిన ఆఫీసు భవనానికి అద్దాలు బిగించారు. మధ్యాహ్నమయ్యేసరికి ఆ అద్దాల మీది ఎండ వెనక్కి తిరిగి మన గట్టు మీద వాలుతోంది. నేరుగా వచ్చే ఎండలాగా చురుక్కుమనదు. నీళ్లలోంచి వచ్చినట్టు మెల్లగా ఊగుతూ ఉంటుంది. గిన్నెలు, గోడ, మామయ్యగారి తెల్లచొక్కా అన్నీ కాసేపు చెరువు అడుగున ఉన్నట్టుంటాయి. మెట్రో రైలు వెళ్తే ఆ వెలుగులో ఒక నీడ చేపలా ఈదుకుంటూ పోతుంది. మిరియం అందులో పడుకుని కళ్లు మూసుకుంటుంది. దాన్ని చూస్తూ మామయ్యగారు తన కుర్చీలో కూర్చుంటారు.

అలాంటి ఒక మధ్యాహ్నం నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. గదిలో మీటింగులో ఉన్నాను. ఈరమ్మ వెనక బాల్కనీలో అంట్లు తోముతోంది. కాచిన పాలగిన్నె మీద మూత ఓరగా ఉంది. మిరియం లేచి ఒళ్లు విరుచుకుని, ఆ సందులో ముందుకాలు పెట్టబోయింది.

"దిగు!"

ఎవరన్నారో నాకు అర్థం కాలేదు. ఇంట్లో మగగొంతు విని చాలాకాలమైంది, మీ అబ్బాయిది తప్ప. ఆయనేమో ఆఫీసులో ఉన్నారు. చెవులకున్నది లాగేసి పరిగెత్తుకొచ్చాను. ఈరమ్మ సబ్బుచేతులతో గుమ్మంలో నిలబడిపోయింది.

"నేను గాదమ్మా. పెద్దసారు అన్నడు. జర సప్పుడు చెయ్యకు, మల్ల అంటడేమో."

మామయ్యగారి ఎడమచేతి చూపుడువేలు పైకి లేచి ఉంది. కాకినాడలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఆయన ఆ వేలు ఎత్తితే హోటలువాళ్లు పరుగున బల్లలు తుడిచేవారని మీరు చెప్పేవారు కదా, అదే వేలు. "దిగు" అన్నారు మళ్లీ. ముందక్షరం సాగింది, వెనకది లోపలే ఉండిపోయింది. అయినా మిరియం దిగింది. అది మాట విన్నందుకు ఆయనకే ఆశ్చర్యమేసి, సగం పెదవితో నవ్వారు.

ఇంత మాట మీకు వెంటనే ఎందుకు చెప్పలేదంటారేమో. మాట పడిపోయాక, పోయిన వేసవిలో ఆయన ఏదో శబ్దం చేస్తే మిమ్మల్నే పిలిచారనుకుని, అన్నం కూడా మాని ఆయన ఎదుటే కూర్చున్నారు. సాయంత్రానికి మీ మొహం చూడలేకపోయాం. "కుట్లు పచ్చిగా ఉన్నాయి, అమ్మ ఆ కాలితోనే రైలెక్కేస్తుంది. నిలిచే మాటో కాదో చూద్దాం" అన్నారు మీ అబ్బాయి. మాట నేర్పే డాక్టరమ్మ మాత్రం, "బలవంతపెట్టకండి. ఆ మాటతో ఆయనకి అవసరం పడుతూ ఉండాలి" అంది.

అప్పటినుంచి, అత్తయ్యా, మిరియాన్ని నేను దింపడం లేదు. ఎండ వచ్చే వేళకి పొయ్యి ఆర్పి, గిన్నెలన్నీ అలమారలో పెట్టి, గట్టంతా దానికి ఖాళీ చేసి ఇస్తున్నాను. అది ఎక్కుతుంది. ఆయన దిగమంటారు. ఆ తర్వాత వేడినీళ్లూ సబ్బూ వేసి కడుగుతాను. మామయ్యగారు వేలితో రాసి చూసి తలూపితేనే కూర తరుగుతాను. "గిదేం పిచ్చమ్మా! ఎక్కిచ్చుడేంది, కడుగుడేంది?" అంటుంది ఈరమ్మ. అంటూనే ఆ వేళకి చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడుతుంది. ఇప్పుడు 'వద్దు', 'పాలు', 'ఛీ' కూడా వచ్చాయి. నిన్న నాతోనే "తుడువు" అన్నారు, కోపంగా. ఆ కోపానికి ఎంత మురిసిపోయానో!

మీరొచ్చాక ఈ వంటిల్లు మీది. మిరియం ఉండకూడదంటే, నిజాంపేటలో నా స్నేహితురాలు దేవిశ్రీ తీసుకెళ్తానంది. ఏడుస్తూనైనా పంపిస్తాను. పంపేముందు ఒక్క మధ్యాహ్నం మాత్రం ఆయన పక్కన కూర్చుని చూడండి. అంతే అడుగుతున్నాను.

ఇది రాస్తుంటే మామయ్యగారు కాగితంకేసి చూపించారు. "అత్తయ్యకి రాస్తున్నాను, మీరేం రాయమంటారు?" అన్నాను. చాలాసేపు పెదవులు కదిపారు. నేను మాట అందించలేదు. కిటికీలోంచి రోడ్డు మీది హారన్లు వినిపిస్తున్నాయి.

"రమ్మను" అన్నారు.

స్పష్టంగానే అన్నారు, అత్తయ్యా. మళ్లీ అడగాల్సిన పని లేకపోయింది.

ఇట్లు,
ఆ మాట మీకు అందజేస్తూ,
మీ కోడలు
రసజ్ఞ